పెదనాయన ఇచ్చిన తాంబూలం

తిరుపతిలో వీధికొక ఇంటర్నెట్ సెంటర్ వెలసిన రోజులవి. నేనూ, మిత్రుడు మునిరత్నమూ జీతం బత్తెం లేకుండా రెండేళ్ళు కష్టపడి ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాం. మామిడితోపులో కోతుల్ని తరిమే ఆట. అందుకు వాడిన సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, ఆట మీద ఒక్క రూపాయి పుచ్చుకున్నా అనుమతి రద్దని కంపెనీవాళ్ళ షరతు. ఆ షరతులన్నీ మునిరత్నం చదివి ముగించేలోపు మామిడి టెంక నాటి ఉంటే కాయలు కోసుకునేవాళ్ళం.

కంప్యూటర్‌ను కొత్త పెళ్ళికూతురిలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బస్సులో బంగారుపాళ్యం తీసుకెళ్ళి మా పెదనాయన ఇంట్లో ఆట చూపించాం. సగం ఊరు ఇంట్లో, మిగతా సగం కిటికీలకు వేలాడుతూ! పెదనాయన మురిసిపోయి, తమలపాకుల్లో వంద నోటు పెట్టి నా చేతికిచ్చాడు.

"తీసుకోవద్దప్పా! రెండేండ్ల కష్టం పోతాది!" అని మునిరత్నం కేకపెట్టాడు.

హడలిపోయి తాంబూలం తిరిగి ఆయన చేతిలోనే పెట్టేశాను. తెరమీద కోతులు కూడా గెంతడం మానేసినట్టనిపించింది.

"ఏందిరా, నా సేతి తాంబూలం నీకు పనికిరాదా?"

"కంపెనీవాళ్ళు ఒప్పుకోరు పెదనాయనా."

"ఆ కంపెనీవోడు యాడుండాడురా? నేను ఈడుండాను గదా!"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ముక్కూమొహం తెలియని కంపెనీకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆ సంగతి వాళ్ళకు ఈనాటికీ తెలియదు. పెదనాయన మాత్రం బతికినన్నాళ్ళూ మా ఇంట్లో మంచినీళ్ళైనా ముట్టలేదు.