మునియప్ప ఎవరితో మాట్లాడాడు?

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ ఇది నాకు జరిగింది. కల కాదు, నిద్రమత్తు కాదు... నిక్షేపంగా మేలుకునే ఉన్నాను.

బంగారు గనులు మూతపడ్డ చాంపియన్ రీఫ్స్‌లో, ఒక పాత గని బంగళాలో తాగుడు మాన్పించే కేంద్రం నడిచేది. అక్కడ కౌన్సిలర్‌గా కొత్తగా చేరాను. నాతోపాటే స్టెల్లా చేరింది. ఇద్దరిదీ ఒకే చదువు. కానీ అందరికీ స్టెల్లానే కావాలి. నేనెంత అడిగినా నోరు విప్పనివాళ్లు, ఆమె వచ్చి పక్కన కూర్చుంటే చాలు... ఏడ్చేసేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది.

శ్రీనివాసపురం మామిడి రైతు మునియప్ప అయితే మొహం మీదే అన్నాడు. "నీతో చెప్పేదేమీ లేదమ్మా. స్టెల్లమ్మ రానీ, చెప్తాను."

ఆ రాత్రి స్టెల్లా చెల్లెలి పెళ్లికని బూదికోటలో ఉంది. డ్యూటీ నాది. మునియప్పకు చేతులు ఒకటే వణుకు. నర్సు మందిచ్చి వేరే గదిలోకి వెళ్లింది. నేను వరండాలో ఉన్నాను.

అప్పుడు వినబడింది... అతని గదిలోంచి. ఆడగొంతు. మెల్లగా...

"ఊఁ... చెప్పప్పా..."

స్టెల్లా గొంతు!

ముందు భయం వేయలేదు. ఒళ్లు మండింది. పెళ్లి వదిలేసి మరీ వచ్చిందా, నా డ్యూటీలో నా పేషెంటు దగ్గరికి? వెళ్లి తలుపు బయట నిలబడ్డాను. మునియప్ప ఏడుస్తున్నాడు.

"నా కొడుకు బావిలో పడినప్పుడు నేను తాగి గట్టు మీదే పడుండినానమ్మా... వాడు అరిచింది వినబడింది... లేసేకి కాలేదు..."

ఇనప కుర్చీ కిర్రుమంది. ఎవరో ముందుకు వంగినట్టు...

"ఊఁ..."

తలుపు తోశాను.

మునియప్ప ఒక్కడే. ఎదురుగా ఖాళీ కుర్చీ. కిటికీకి ఊచలు. ఇంకో తలుపు లేదు. కుర్చీ మీద చెయ్యి పెట్టాను... ఇనుము వెచ్చగా ఉంది.

వరండాలోకి వచ్చి స్టెల్లాకు ఫోన్ చేశాను. వెనక పెళ్లి మేళం. "నేను యాడికి వస్తానక్కా? ఈడే ఉండాను కదా!"

తాగుడు ఆపిన కొత్తలో లేనివి కనబడతాయి, వినబడతాయి. నిజమే. మరి చుక్క ముట్టని నాకెందుకు వినబడింది?

మర్నాడు స్టెల్లా వచ్చి మునియప్ప పక్కన కూర్చుంది.

"ఇంగ చెప్పేదేముండాది తల్లీ? రాత్రే నా కొడుకు సంగతంతా ఈయమ్మకి చెప్పేసినాను. ఆ కుర్చీలో కూర్చోని, తెల్లారేదాకా నా చెయ్యి వదల్లేదు" అని నన్ను చూపించాడు.

నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. అతని చెయ్యి ముట్టుకోలేదు. ఫోన్ చేశాక తెల్లారేదాకా ఆ గదిలోకే వెళ్లలేదు.

స్టెల్లా నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు... ఇన్నాళ్లూ నేను ఆమెను చూసిన చూపే.

"నాకెప్పుడూ చెప్పలేదే ఆ మాట. ఏం చేసినావక్కా?"



మునియప్ప మళ్లీ తాగలేదు. కాయల కాలం వస్తే నాకు ఒక బుట్ట పంపిస్తాడు. ఇంట్లోవాళ్లంతా తింటారు. నేను మాత్రం ముట్టను... అవి నావి కావు. ఆ కుర్చీలో కూర్చున్నదానివి. అదెవరో ఇప్పటికీ తెలియదు. కానీ దాన్ని తలుచుకుంటే, భయం కన్నా ముందు... నాకు కడుపు మండుతుంది.