ఊరందరి మొక్కులు, నా ఒక్కడి కాళ్ళు

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ మొదటి ఏళ్ళలో పాలమూరులో నడిచే మనిషి కంటికి ఆనేవాడు కాదు, అందరూ ఉరికేవాళ్ళే. కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయి మరి. మా గల్లీలో పాలు పోసే ఆయన కూడా క్యాను పట్టుకొని ఉరుకుతూనే పోసేవాడు (ఆయనా దరఖాస్తు పెట్టాడని తర్వాత తెలిసింది, సగం పాలు మా గడప తాగేది). నాకు ముప్ఫై దగ్గరపడుతోంది. సర్కారు వయసు సడలించింది కాబట్టి సరిపోయింది, లేకుంటే నేనప్పటికే పాత సామాను కింద జమ. అదే నాకు ఆఖరి బస్సు. అది తప్పితే మా మామ సిమెంటు దుకాణంలో నాకోసం ఖాళీగా ఉంచిన స్టూలు మీద జీవితాంతం కూర్చోవాలి.

మాకు ఉరుకుడు నేర్పింది సీటీ సార్, రిటైరైన డ్రిల్లు మాస్టరు. మెడలో సీటీ లేకుంటే కన్నతల్లి కూడా ఆయన్ని గుర్తుపట్టదు. ఇంట్లో చాయ్ కావాలన్నా ఊదే అడిగేవాడని చెప్పుకునేవాళ్ళు. నా పరుగు చూసి మొదటి రోజే తల పట్టుకున్నాడు. "నువ్వు ఉరుకుతున్నవా, బరాత్‌ల నడుస్తున్నవా?" అని అడిగి, "గ్రౌండు బంద్ చెయ్యి. గుట్టకు పో. ఉరుక్కుంట ఎక్కు, నడుసుకుంట దిగు, దమ్ము వాపసు రాంగనే మళ్ల ఎక్కు. గుట్టకు అలవాటైన కాళ్ళకు సాపు నేల ఒక లెక్క గాదు" అని పంపేశాడు.

ఊరి బయట దర్గా గుట్ట ఉంది. ఎవరెస్టు దాని చిన్న తమ్ముడని నా గట్టి నమ్మకం. మొదటిసారి ఎక్కినప్పుడు నా ప్రాణం సగం దారిలోనే కూర్చుండిపోయింది. దిగేటప్పుడు ఏరుకొని తెచ్చుకున్నాను. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. కింద పూలు, ఊదుబత్తీలు అమ్మే పూలవ్వ ఇదంతా చూస్తూ ఉంది. ఎవరైనా గుట్ట ఒక్కసారి ఎక్కుతారు. వీడు ఇన్నిసార్లు ఎక్కుతున్నాడంటే కొంపలంటుకునే మొక్కేదో ఉండి ఉండాలని ఆమె లెక్క. "ఎంత పెద్ద కష్టమొచ్చె బిడ్డా నీకు" అంది. సీటీ సార్ సంగతీ తొడల బలం సంగతీ విడమరిచి చెప్పాలంటే ఊపిరి కావాలి కదా. తల ఊపాను. అక్కడే దొరికిపోయాను.

మర్నాడు తన బర్రె సూడి కట్టడం లేదనీ, తనకేమో మోకాళ్ళు పనిచేయవనీ, తన పేరు మీద ఒక్కసారి ఎక్కి రమ్మనీ అడిగింది. ఎక్కాను. కొన్నాళ్ళకు బర్రె సూడి కట్టింది (ఇందులో పశువుల డాక్టరు చెయ్యి కూడా ఉందని మనవి). ఇక ఆ వార్త ఆత్మకూరు దాకా పాకింది. బోరులో నీళ్ళు పడాలని ఒకాయన, మొగుడు తాగుడు మానాలని ఒకామె, అల్లుడికి బదిలీ కావాలని ఇంకొకాయన, అందరూ పూలవ్వకు చెప్పిపోయేవాళ్ళు. నేను పోయేసరికి ఆమె వంతులు వేసి పెట్టేది. సార్ చెప్పినన్నిసార్లు ఎక్కడం అయిపోయినా వదిలేది కాదు. "ఆ తాగుబోతోనిది జర జల్ది ఎక్కు. ఆని మనసు మారేటట్టున్నది" అని తరిమేది. నా కోసమే అయితే ఎగ్గొట్టేవాణ్ణేమో. ఇంకొకరి బోరును నడుమ వదిలేసి ఎట్లా దిగుతాను? పైన దర్గా చూసుకునే ముజావర్ చాచా దువా చదివి పిడికెడు చక్కెర నోట్లో పోసేవాడు. నా తొడలు తాటిమొద్దులయ్యాయి.

పరుగు పరీక్ష వారం వచ్చింది. ఇక గుట్ట పేరెత్తొద్దు, కాళ్ళకు ఆరాం ఇవ్వకపోతే గ్రౌండులో కూలబడతావని సార్ ఆజ్ఞ. బుద్ధిగా ఇంట్లో పడుకున్నాను. పరీక్ష ముందురోజు పొద్దున పూలవ్వ ఆటోలో వచ్చి మా గడపలో నిలబడింది. కోడలికి కాన్పు కష్టమైందట, దవాఖానలో పెద్దాపరేషనుకు లోపలికి తీసుకుపోయారట. ఎప్పుడూ గదమాయించే మనిషి ఆ రోజు నేల చూసింది. "రేపు నీ ఉరుకుడున్నదని ఎరుకే బిడ్డా. ఇంకెవ్వల్ని అడగాలె?"

బూట్లు వేసుకున్నాను. ఆమె అడిగింది ఒక్కసారే. నేను ఆమె ఫోను మోగేదాకా ఎక్కుతూనే ఉన్నాను. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వద్దన్నా వినకుండా అవ్వ నా పిక్కలకు కొబ్బరినూనె రాసింది.

మర్నాడు గ్రౌండులో నా కాళ్ళకు ఎవరో సిమెంటు బస్తాలు కట్టినట్టుంది. సగం మంది నన్ను దాటిపోయారు. సార్ కంచె అవతల సీటీ నోట్లో పెట్టుకొనే తిడుతున్నాడు. స్టూలు కళ్ళముందు కదిలింది. ఆఖరి మలుపు తిరిగాక చూస్తే ఎదురుగా ఎత్తు లేదు, రాయి లేదు, ఉత్త సాపు నేల. ఎక్కడమే తప్ప ఎరగని ఆ మొండి కాళ్ళు నన్ను అడక్కుండానే ఉరికాయి. వెంట్రుకవాసిలో గట్టెక్కాను.

ఆ మాట చెప్పడానికి గుట్ట దగ్గరికి పోతే పూలగంప ఉంది, అవ్వ లేదు. తలెత్తి చూస్తే రాళ్ళు పట్టుకొని కూర్చుని జరుగుతూ పైనుంచి దిగుతోంది. పరిగెత్తిపోయి కోప్పడ్డాను, ఆ మోకాళ్ళతో ఇదేం పనని. ఆమె నాకంటే ఎక్కువ కోప్పడింది.

"అందరియి నువ్వు ఎక్కితివి. నీది ఎవ్వలు ఎక్కాలె మరి?"

నాకు ఊపిరి నిండుగా ఉంది. ఆమెను వీపు మీదికి ఎత్తుకొని మెల్లగా నడుచుకుంటూ దించాను.

ఇప్పుడు నేను స్టేషను మెట్లకే రెయిలింగు పట్టుకునే హెడ్డును. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిపించడం అయిపోయింది, పొట్టకు ఇంకా కోరిక తీరలేదు. ఒక మనిషిని వీపున మోసుకొని గుట్ట దిగిన ఆ బక్కపిల్లగాణ్ణి నేనేనంటే మా ఇంటావిడ నమ్మదు. అద్దం ముందు నిలబడినప్పుడు నేనూ నమ్మను గానీ, వాడికి మాత్రం తప్పకుండా ఒక సెల్యూట్ కొడతాను.