అక్షరాలున్న ఆట

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఏ సంగతైనా రాసి పంపడం మా ఇంట్లో ఆమె వల్లే అలవాటైంది. ఆమెకు వినపడేది కాదు.

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో దారం కండెలు చుట్టింది పెద్దమ్మ. ఆ చప్పుడుకు చెవులు కొద్దికొద్దిగా పోయాయి. కొడుకుతో కరీంనగర్ వచ్చాక ఆమెకున్న సరదా సినిమా ఒక్కటే. "చెవులు పోయినయి గని శౌక్ పోలే బిడ్డా" అనేది. తోడుగా నేను వెళ్లేదాన్ని. హాల్లో అందరూ నవ్వగానే నా మోచెయ్యి గిల్లి, "ఏమన్నడు?" అని అడిగేది. నేను ఫోన్‌లో రాసి చూపించేసరికి తెర మీద ఏడుపు మొదలయ్యేది.

ఒకరోజు ఆట అయ్యాక సరాసరి మేనేజర్ గదికి నడిచింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు.

"సారూ, మాటలు తెలుగుల రాసి కింద ఎయ్యరాదుండ్రి? నాకు చదువొస్తది."

"అక్షరాలు అడ్డమొస్తయని జనం లొల్లి చేస్తరమ్మా" అన్నాడాయన. ఆ మాట రాసి చూపించాను.

"ఒక్క ఆట ఎయ్యుండ్రి. లొల్లయితే మల్ల అడుగ."

ఆయన సినిమావాళ్లకు రాసి అక్షరాలున్న ప్రింటు తెప్పించేసరికి రెండు నెలలు పట్టింది. అది వేసిన మంగళవారం మ్యాటినీకి పెద్దమ్మ తనతో పనిచేసిన ఎనిమిదిమంది ఆడవాళ్లను సిరిసిల్ల నుంచి బస్సులో రప్పించింది. అందరివీ అవే చెవులు.

సినిమా మొదలైన కాసేపటికే వెనక నుంచి ఒకాయన అరిచాడు. "గీ రాతలేంది? తీసెయ్యుండ్రి!" పెద్దమ్మకు వినపడలేదు. నేను మాత్రం ఇదే ఆఖరి ఆట అనుకున్నాను.

అంతలో నవ్వుల సీను వచ్చింది. నటుడు నోరు తెరవకముందే అతని మాట తెర మీద పడింది. మా వరుసలో తొమ్మిదిమందీ ఒక్కసారి పకపకా నవ్వారు. ఎందుకో తెలియక హాలంతా మావైపు తిరిగింది. ఆ తర్వాత మాట వినపడి హాలూ నవ్వింది. వెనకాయన మళ్లీ నోరెత్తలేదు.

ఇంటర్వెల్‌లో మేనేజర్ వచ్చి పెద్దమ్మకు ఎదురుగా వంగి, పెదాలు కనపడేలా నిదానంగా చెప్పాడు. "వచ్చే మంగళారం గూడ ఏస్తనమ్మా." ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు.

ఆరోజు సినిమా అయిపోయినా పెద్దమ్మ లేవలేదు. దీపాలు పట్టినవాళ్లు, వంట చేసినవాళ్లు, బండ్లు నడిపినవాళ్లు అని తెర మీద పైకి పోతున్న పేర్లన్నీ పెదాలు కదుపుతూ చదువుతోంది. ఊడవడానికి వచ్చినామె కాసేపు చూసి, చీపురు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్క సీట్లో కూర్చుంది.