ముప్పై ఒకటో రోజు

దేవుడమ్మ పొద్దున్నే చేతులు ఉత్త నీళ్లతోనే కడుక్కునేది. సబ్బు, పౌడరు, తలనూనె, పువ్వు ఏదీ ఒంటికి తగలనీయకుండా కొండమీది మఠానికి పనికి బయలుదేరేది. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు.

మలేసియాలోని సుంగై సిపుట్ ఊరి సంతలో పూలమ్మే వెంకమ్మ ఊరుకునేది కాదు. "మొగుడు గుండ్రాయిలాగున్నాడు, పూలెట్టుకోవేటే?"

"నీ మల్లెపూల వాసన జాడీకి పడితే నష్టం నువ్వు తీరుస్తావేటే?" అని దేవుడమ్మ నవ్వేది. అయినా వెంకమ్మ దేవుడమ్మ కూతురి కోసం ఓ మూర ఆకులో చుట్టి ఇచ్చేది.

మఠంలో క్రైస్తవ సన్యాసులు నిమ్మగడ్డి, జాజికాయ, అల్లంలాంటి దుంపరాష్ట్రం, ఇంకా ఏవేవో నానబెట్టి తియ్యని మద్యం తీస్తారు. క్రిస్మస్ విందులో అతిథులకు తలా ఓ చిన్న గ్లాసు. జాడీలు ఎప్పుడు వడకట్టాలో చూసే పెద్ద బ్రదర్ నథానియేల్‌కు మూడేళ్ల క్రితం జ్వరంతో వాసన తెలియకుండా పోయింది. అప్పటినుంచి ఆ పని, ఇన్నేళ్లూ జాడీల దగ్గర ఆయనకు సాయం చేస్తూ నేర్చుకున్న దేవుడమ్మది. ఆమె ఒక్క చుక్క కూడా నాలుక మీద వేసుకోలేదు. రబ్బరు తోటలో ఉన్నప్పుడు కల్లు ఆమె తండ్రిని తినేసింది. ఆనాడే ఆమె ప్రభువుకు మాట ఇచ్చింది.

నిరుడు జాడీల బాధ్యత పోర్ట్ క్లాంగ్ రేవు నుంచి వచ్చిన, అక్కడి యాసలో మాట చివర 'లా' తగిలించే బ్రదర్ జస్టిన్ తీసుకున్నాడు. నానబెట్టిన ముప్పై ఒకటో రోజున దేవుడమ్మ మూత దగ్గర వంగి, "ఈయేళే వడకట్టాల," అంది.

"నలభై రోజులని రాసుంది లా, ఆంటీ. తాగనోళ్లకి రుచి ఏటి తెలుస్తాది?"

"ఉపాసమున్న రోజు నేను కూర వండనేటి, బ్రదరూ? ఈయేడు వానల్లేవు. దుంపకి ఘాటెక్కినాది. రేపటికి సేదైపోద్ది."

చేదెక్కితే తొమ్మిది జాడీలూ పారబోయడమే. విందుకు ఇంకేమీ ఉండదు. ఇద్దరూ నథానియేల్ వైపు చూశారు.

"నా ముక్కు ఇప్పుడు ఆవిడ దగ్గరుంది. వడకట్టండి," అన్నాడాయన.

జస్టిన్ జాడీలు వడకట్టాడు. కానీ ఒక చిన్న జాడీ మాత్రం వడకట్టకుండా పక్కన పెట్టాడు. నలభయ్యో రోజున వాళ్లిద్దరి ఎదుటే వడకట్టినదీ, వడకట్టనిదీ రెండూ రుచి చూశాడు. వడకట్టినది గొంతులోకి తియ్యగా జారింది. చిన్న జాడీదానికి మొహం వంకర తిరిగింది. అతను గ్లాసు కడిగాడు.

నథానియేల్ తొడ చరిచి నవ్వాడు. "విందుకాడ అందరికీ ఈ కథ సెప్పాల!"

జస్టిన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను జాడీ పట్టుకుని బయటికి వెళ్లేదాకా దేవుడమ్మ ఆగింది.

"పెద్ద బ్రదరూ, ఆ కథ అక్కడ ఎత్తకండి. పాపం, ఆయన మఠం మేలుకే సేసినాడు. వచ్చే యేడు వాసన సూసేకాడ ఆయన్ని నా పక్కన కూకోబెట్టండి. నేనడిగినానని మాత్రం సెప్పకండి."