అయిదు బారల దూరం

నా దగ్గరున్న లెన్సుల్లో తోటి ఫోటోగ్రాఫర్లు నవ్వేది ఒక్కదాన్ని చూసే. నూట ముప్పై అయిదు ఎం.ఎం. లెన్సు అది. నిండా లోహమూ గాజూ. వయసులో నాకంటే పెద్దది. లోపల మోటారు లేదు, చేత్తో తిప్పితేనే ఫోకస్. బిట్రగుంటలో నేను పని నేర్చుకున్న స్టూడియో మూసేసిన రోజున మా గురువుగారు దాన్ని నా చేతిలో పెట్టారు. రీలు కెమెరాల కాలం పోయింది కాబట్టి బీరువాలో గుర్తుగా ఉంచుకోమన్నారు. వస్తువును బీరువాలో పెట్టి చూసుకుని మురిసిపోయే రకం కాదు నేను. ఒక అడాప్టర్ రింగు తెప్పించి, కొత్త డిజిటల్ కెమెరాకు బిగించాను.

బిగించగానే కెమెరా నన్ను అవమానించింది. లెన్సు లేదని తెర మీద రాసి, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలకలేదు, పలకలేదు. అంత బరువు ముందు వేలాడుతుంటే లేదంటుందేమిటని నాకు ఒళ్లు మండింది. ఈ లెన్సుకు విద్యుత్ సంబంధమేమీ లేదు కాబట్టి కెమెరా లెక్కలో అది లేనట్టే. ఒక పూటంతా సెట్టింగుల్లో వెతికి, లెన్సు కనబడకపోయినా ఫోటో తీసేట్టు దాన్ని దారికి తెచ్చాను.

నెల్లూరులో పెళ్లిళ్లకు ఈ లెన్సు తీసుకెళ్తే, పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడు జాగ్రత్త అని ఆటపట్టించేవాళ్లు. నాకేం పట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు కాస్త పొగరు. మనిషి ముఖం వెనక ఉన్నదంతా ఈ లెన్సులో కరిగిపోయే తీరు కొత్తవాటిలో నాకు దొరకలేదు. పైగా దీని ఒంటి మీద దూరాలు చెక్కి ఉంటాయి, పది, పదిహేను, ఇరవై, ముప్పై అడుగులని. ఫోకస్ రింగు తిప్పి గీతను ఏ అంకె దగ్గర నిలిపితే అంత దూరంలో ఉన్న మనిషి స్పష్టంగా వస్తాడు. కొత్త లెన్సుల్లో చాలావాటికి ఆ అంకెలే ఉండవు. అవి ఎంతగా పనికొస్తాయో నాకు సముద్రం మీద తెలిసింది.

చిట్టమూరు మీదుగా తూర్పుకు పోతే సముద్రపు ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడ చేపలు పట్టి బతికే ఒక కుటుంబం కొత్త ఫైబర్ బోటు చేయించుకుంది. కొత్త బోటు మొదటిసారి అలలు దాటేటప్పుడు చుక్కాని పట్టాల్సింది ఆ ఇంటి పెద్దవాడే. అది వాళ్ల ఆచారం. ఆ ఫోటో కావాలని కొడుకు మా స్టూడియోకు వచ్చాడు. నలభై ఏళ్లు సముద్రం మీద గడిపిన తండ్రికి సముద్రం మీద దిగిన ఫోటో ఒక్కటి కూడా లేదట. ఉన్నవల్లా ఆధార్ కార్డులోదీ రేషన్ కార్డులోదీ. ఆ రెండింటిలోనూ దొంగలా ఉన్నాడని నవ్వాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"ఇదే ఆఖరన్నా. బోటు దాటించినాక నాయన్ని ఒడ్డునే ఉంచేస్తాము. కళ్లు ఆనడంలేదు ఆయనకి."

ఆ వేసవిలో పెద్దాయన ఒక కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. తర్వాత ఒకనాడు పొద్దుగూకాక తిరిగివస్తూ, తన బోటును పక్కవాళ్ల బోటుకు తగిలించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ మాట మాత్రం పల్లెంతా పాకింది. కొడుకులు ఏమనుకుంటున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు.

బోటు నీళ్లలోకి దింపే ముందురోజు ఉదయం నేను వెళ్లి ఒకసారి చూసుకున్నాను. పెద్దాయన తమ్ముడి బోటులో నేను కూర్చుంటే, పెద్దాయన తన పాత బోటును నడుపుతూ మా ముందు నుంచి పోయాడు. నేను పెట్టుకున్నది కొత్త లెన్సు, దానంతటది ఫోకస్ చేసుకునేది. ఒడ్డు మీద పెళ్లికూతురి ముక్కుపుడకను కూడా పట్టేసే ఆ లెన్సు సముద్రం మీద బిక్కమొహం వేసింది. ఎగిరే తుంపరను పట్టుకుంటుంది, ఊగే తాడును పట్టుకుంటుంది, మా బోటు అంచును పట్టుకుంటుంది, మనిషిని తప్ప. తీసిన ముప్పై ఫోటోల్లో పెద్దాయన ముఖం ఒక్కదాంట్లోనూ తేటగా రాలేదు.

ఒడ్డుకు వచ్చాక ఆయన నా పక్కన కూర్చుని కెమెరా తెర చూశాడు. దగ్గరివి కనబడవు కాబట్టి చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. ఎందుకిలా అయిందని అడిగాడు. కెమెరా దూరం తేల్చుకోలేకపోతోందని చెప్పాను. అంత ఖరీదైన దానికి దూరం తెలియదా అని ఆశ్చర్యపోయాడు. అప్పుడు సంచిలోంచి నా పాత లెన్సు తీసి చూపించాను. దీనికీ తెలియదు, కానీ ఇది చెప్పినమాట వింటుంది, ముప్పై అడుగులని పెడితే ముప్పై అడుగుల దగ్గరే చూస్తుంది అన్నాను. ఆయన లెన్సు మీది ఫోకస్ రింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. వలలు లాగి లాగి గట్టిపడిన ఆ వేళ్ల కింద అది మెత్తగా తిరిగింది.

ముప్పై అడుగులంటే ఎన్ని బారలని అడిగాడు. చేతులు రెండూ చాపితే ఒక బార, అంటే ఆరడుగులు. తాడైనా, నీటి లోతైనా వాళ్లు కొలిచేది బారల్లోనే. అయిదు బారలని చెప్పాను. ఆయన సముద్రం వైపు కాసేపు చూశాడు.

"అయితే నువ్వు దాన్ని ముట్టుకోబాక. అయిదు బారల మీద పెట్టుకొని ఊరికే కూర్చో. బోటుని అయిదు బారల్లోకి నేను తెస్తా."

నేను తటపటాయించాను. వెలుగు లోపలికి వచ్చే కంతను, అంటే అపర్చర్‌ను, పూర్తిగా తెరిచి తీస్తే ఈ లెన్సులో స్పష్టంగా వచ్చే మేర చాలా తక్కువ. ముందుకు మూరెడు జరిగినా, వెనక్కి మూరెడు జరిగినా ముఖం మసకబారుతుంది. అపర్చర్‌ను బాగా మూసుకుంటే బారెడు అటూ ఇటూ అయినా పరవాలేదు, కాకపోతే ఒడ్డునున్న సర్వి చెట్ల తోపూ ఇళ్లూ కూడా తేటపడి ఆయన వెనక గుంపుగా నిలబడతాయి. ఇదంతా విప్పి చెప్పి, మూసుకునే తీస్తానన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అయిదు బారలన్నాక అయిదు బారలేనని, తనకోసం ఏదీ సడలించక్కరలేదని తేల్చేశాడు. పక్కనే ఉన్న కొడుకు నేల చూపులు చూశాడు. ఇదొక పందెమని అక్కడున్న ముగ్గురికీ అర్థమైంది. మూరెడు తప్పితే ఆయన కళ్లు పోయాయని నా ఫోటోయే అందరికీ చూపిస్తుంది. 

తెల్లవారి మబ్బుగా ఉంది. కొత్త బోటుకు పసుపు రాశారు, వేపమండలు కట్టారు, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టారు. నేను తమ్ముడి బోటులో ముందే వెళ్లి, అలలు విరిగే చోటు దాటి ఆగాను. రింగును ముప్పై దగ్గర నిలిపి, కదలకుండా నల్ల టేపు అంటించాను. ఆ తర్వాత నాకు చేయడానికి పనేమీ లేదు. పాతికేళ్లుగా ఫోకస్ నా చేతిలో పని. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి కూర్చోవడం ఎంత కష్టమో ఆ కాసేపట్లో తెలిసింది.

కొత్త బోటు మొదటి అలను ఎక్కింది, రెండోదాన్ని చీల్చింది. మూడో అల దాటగానే పెద్దాయన చుక్కాని తోసి, బోటును మాకు అడ్డంగా తిప్పాడు. చాలా దగ్గరికి వస్తున్నట్టు అనిపించి తమ్ముడు లేచి నిలబడ్డాడు. పెద్దాయన మాత్రం మమ్మల్ని చూడనే లేదు. ఆయన చూపు మా రెండు బోట్ల మధ్య నీళ్ల మీద ఉంది. ఆ నీటిని తాడులా కొలుచుకుంటూ మా పక్కనుంచి సాగిపోయాడు. వరసగా ఏడుసార్లు నొక్కాను.

ఒడ్డుకు వచ్చి, వెలుగు పడకుండా తల మీద తువ్వాలు కప్పుకుని తెర చూశాను. మొదటిది పెద్దది చేశాను. కనురెప్పల వెంట్రుకల మీద ఉప్పునీటి చుక్క నిలిచి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఏడింటిలోనూ ఆ ముఖం తేటగా నిలిచింది, వెనక తోపు పచ్చటి పొగలా కరిగిపోయింది. బోటు సాగిపోతున్నంతసేపూ దూరం మూరెడు కూడా మారలేదన్నమాట. సముద్రం మీద, రెండు ఊగే బోట్ల మధ్య!  మా గురువుగారి లెన్సును చూసి ఇంత గర్వపడింది లేదు, నా పని చూసుకుని కూడా. ఆ గర్వంలో పెద్ద వాటా నాది కాదని తెలిసినా ఏమాత్రం తగ్గలేదు.

కొడుకు కెమెరా తీసుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఏడూ చూశాడు, మళ్లీ మొదటికి వచ్చాడు.  పెద్దాయన తడి లుంగీ పిండుకుంటూ దూరం నుంచే అడిగాడు, వచ్చిందా అని. వచ్చిందన్నాను.

"నువ్వు తీసినావు. నిలబెట్టింది నేను" అన్నాడు.

పది రోజుల తర్వాత ఆ ఫోటోను పెద్దదిగా ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను. ఇంట్లో పెద్దాయన లేడు. ఆయన భార్య చాట కింద పెట్టి, ఫ్రేము వైపు ఒకసారి చూసి, సముద్రానికి పోయినాడని మామూలుగా చెప్పింది. తప్పుగా విన్నాననుకుని ఒడ్డుకు నడిచాను. అక్కడ కొడుకు ఇసుకలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. కొత్త బోటు కనబడలేదు. నేను అడగకముందే తలెత్తి సంగతి చెప్పాడు. చీకటి ప్రయాణాలు మానిపించారట. పొద్దెక్కాక వెళ్లి, పొద్దు ఉండగానే తిరిగివచ్చే వేటకు మాత్రం చుక్కాని తండ్రిదేనట.

"ఒడ్డునే ఉంచేస్తామని నీతో అన్న మాట నాయనకి చెప్పబాకన్నా" అన్నాడు.

చెప్పనన్నాను. ఇద్దరం అక్కడే కూర్చుని బోటు కోసం చూశాము.