పాప ఆగలేదు

నా భార్య రమకు సర్కారు దవాఖానలో మామూలు కాన్పు కావాలని కోరిక. నేను వినలేదు. పంతులు పెట్టిన ముహూర్తానికి ఆపరేషన్ చేస్తామన్న ప్రైవేటు ఆసుపత్రినే ఎంచుకున్నాను.

రేపు ముహూర్తమనగా, అక్కడ చేరడానికి కాజీపేట నుంచి ఆటోలో బయలుదేరాం. దారిలోనే రమకు నొప్పులు మొదలయ్యాయి.

"అన్నా, సర్కారు దవాఖాన దగ్గర్నే ఉంది, అటు తిప్పు!" అని డ్రైవర్‌తో అరిచింది.

"జర ఓర్సుకో, ముహూర్తం రేపు!" అన్నాను.

"ఆ ముచ్చట కడుపులున్న బిడ్డకు చెప్పు!"

డ్రైవర్ నా మాట కోసం ఆగకుండా ఆటోను సర్కారు దవాఖానకు తిప్పేశాడు. తల్లీబిడ్డలకు ఏమవుతుందోనని కాన్పు గది బయట దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఇంతలో పాప ఏడుపు! సంతోషం పట్టలేక ముక్కూముఖం తెలియనివాళ్లను కావలించుకున్నాను.

లోపలికి వెళ్లి, "తప్పయింది రమా, నీ మాట వినాల్సింది" అన్నాను.

రమ నవ్వింది. "సరే గని, పేరన్నా నన్నడిగి పెట్టు."

అడిగే పెట్టాను.