ఆమె ముఖం వరకే కనిపించేది

నా భార్య ఇజ్రాయెల్ వెళ్లి ముసలివాళ్లను చూసుకునే పనిలో చేరిన మూడో ఏడు అక్కడ యుద్ధం మొదలైంది. నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ మిషిన్ నడుపుతాను. మాది లక్డారం. ఇంట్లో మా అమ్మ, ఆరో తరగతి చదివే పాప, నేను. ఎదురుచూసే పని మాకు పడింది.

ఆమె చూసుకునే ముసలావిడకు ఎనభై ఎనిమిదేళ్లు. పక్షవాతంతో ఎడమ పక్క మొత్తం పడిపోయింది. వాళ్ల భాషలో అమ్మమ్మను సవ్తా అంటారట. ఫోనులో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ హడలిపోయి, "సవతి ఏందిరా, ఎవలకు సవతి?" అంది. పాప నవ్వలేక చచ్చింది. ఆ రోజుల్లో మేం నవ్వింది అదొక్కటే గుర్తుంది.

వాళ్లది మూడో అంతస్తు. సైరన్ మోగితే నిమిషన్నరలో నేలమాళిగలోకి దిగిపోవాలి. లిఫ్టు ఎక్కకూడదు. కదల్లేని మనిషిని చక్రాల కుర్చీలో పెట్టుకుని అంతలో దిగడం అయ్యే పని కాదు. అందుకని నా భార్య ఆమెను కిటికీలు లేని మెట్ల దగ్గరికి తోసుకొచ్చి, గోడవైపు తిప్పి, వెనక తను అడ్డంగా నిలబడేది. పొద్దున ఏం కూర వండిందో చెప్పినట్టు చెప్పేది ఇదంతా.

మా కంపెనీలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేసి పోవాలి. భోజనం వేళ అందరూ క్యాంటీన్ వైపు పోతుంటే నేను గేటు వైపు పోయేవాణ్ని. "మంచిగున్న" అని ఆమె పంపిన ఒక్క మాట చూసుకుని, మిగిలిన కాసేపట్లో రెండు ముద్దలు తినేవాణ్ని. కొన్ని రోజులు ఆ మాట కూడా ఉండేది కాదు. అప్పుడు మళ్లీ లోపలికి పోయి, షిఫ్టు అయ్యేదాకా మిషిన్ ముందు నిలబడాలి. 

చుట్టాలందరూ ఆమెను పిలిపించమన్నారు. నేనూ అడిగాను.

"చాలు, ఇగ వచ్చెయ్."

"ఈమెను ఎవలకు ఇడ్సిపెట్టి రావాలె?" అంది.

"బిడ్డ ఉన్నది గదా ఆమెకు."

"బిడ్డ వేరే ఊర్ల ఉంటది, వారానికొకసారి ఒస్తది. ఇంకో మనిషి దొరికితే వస్త. ఇప్పుడు గిక్కడికి ఎవలొస్తరు చెప్పు?"

టీవీలో యుద్ధానికి అవతలివైపు కూలిన ఇళ్లను, ఆ శిథిలాల్లో పిల్లలను చూసి అమ్మ ఏడ్చిందని చెబితే, "వాళ్లకు దాక్కోనీకె గోడ గూడ లేదు. వాళ్లతోని సూస్తే నాదేం కష్టం," అంది.

ఆ మరుసటి ఏడు ఒకరోజు, దగ్గర్లో ఏదో పడి కిటికీ అద్దాలు పగిలాయని, తమకేమీ కాలేదని చెప్పింది. నమ్మాను. ఆ తర్వాత చాలా వారాలు వీడియోలో ఆమె ముఖం మాత్రమే కనిపించేది. నేను అది పట్టించుకోలేదు. పట్టించుకున్నది మా అమ్మ.

"అది వెనకకు ఆనుకుంటనే లేదు, సూసినవా? ఎంతసేపైనా కట్టె లెక్క నిటారుగ కూసుంటది."

అడిగితే, స్టూలు మీద కూర్చున్నానంది.

ఆ చలికాలంలో ముసలావిడ నిద్రలోనే పోయింది. నా భార్య అంత్యక్రియలయ్యేదాకా ఉండి ఇంటికి వచ్చింది. విమానాశ్రయంలో పాప వెనకనుంచి వచ్చి వాటేసుకుంటే పళ్లు బిగబట్టింది. మర్నాడు అమ్మ తలంటుతూ నన్ను పిలిచింది. వెళ్లి చూశాను. కుడి భుజం నుంచి నడుము దాకా మచ్చలు, కుట్లు వేసిన గీతలు.

అప్పుడు చెప్పింది. అద్దాలు పగిలాయన్న ఆ రోజు, ముసలావిడకు స్నానం చేయిస్తుండగా సైరన్ మోగింది. ముసలావిడ ఒంటినిండా సబ్బు, నేలంతా తడి. కుర్చీలోకి ఎత్తబోతే చేతిలోంచి జారిపోతోంది. మెట్లు దిగుతున్న పక్కింటాయన తలుపు కొట్టి, నువ్వయినా రా అని అరిచాడు. ఇక ఎక్కడికీ పోలేమని తెలిసి, ముసలావిడను స్నానాల గదిలోనే పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, మీద తను బోర్లా పడుకుంది. రెండు వీధుల అవతల పడింది క్షిపణి. గది కిటికీ మొత్తం పగిలి లోపలికి వచ్చింది. ముసలావిడకు ఒక్క గీత పడలేదు. పడిపోని కుడి చేత్తో నా భార్య తల నిమురుతూ ఉండిపోయిందట, మనుషులు వచ్చేదాకా.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను. కోపంగానే అన్నాను.

"చెప్తే ఏం జేస్తుంటివి? నువ్వు మిషిన్ కాడ నిల్సోవాలె. నా మీద పానం పెట్టుకొని అండ్ల చెయ్యి పెట్టుకుంటవేమోనని చెప్పలే."

ఇంతకాలం నేను పడ్డదే కష్టమనుకుని అలిసిపోయి ఉన్నాను.

ఇప్పుడు ఆమె పటాన్‌చెరులో ఒక ఆసుపత్రిలో రోగులకు స్నానాలు చేయించే పనికి పోతోంది. ఇంట్లో తను స్నానం చేసేటప్పుడు మాత్రం తలుపు పూర్తిగా వేసుకోదు. అమ్మ బయట కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతుంటుంది.

పోయిన నెల మా చర్చిలో ఆమెను అందరి ముందు లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. వద్దంది.

"దేవుడు కాపాడిండని చెప్పు, అంతే గదా," అన్నాను.

"నన్ను కాపాడిండంటే, సచ్చిపోయినోళ్ల గురించి ఏం చెప్పాలె?"

పాస్టరుగారు మళ్లీ మళ్లీ అడిగితే లేచి నిలబడింది. "ఒక ముసలామెకు స్నానం చేపిస్తున్న. నడుమ ఇడ్సిపెట్టి ఎట్ల ఉరుకుత?" అని కూర్చుంది. వెనక ఎవరో హల్లెలూయా అన్నారు. ఆమె తల దించుకుంది.

ఇంటికి వచ్చాక అన్నం కూడా తినకుండా చాప పరుచుకుని ఓ పక్కకు తిరిగి పడుకుంది. పాప టీవీ గొంతు తగ్గించింది. ఆదివారం కాబట్టి నాకూ పని లేదు. గోడకు ఆనుకుని, ఆమె లేచేదాకా అక్కడే కూర్చున్నాను.